మైత్రి మధ్యాహ్నాలు

విజయశ్రీ బొమ్మలు చేయడం మొదలుపెట్టింది ఒక పిల్లకు అన్నం తినిపించడానికి.

ఆ పిల్ల పేరు మైత్రి. విజయశ్రీ అక్క రాజేశ్వరికి ఒక్కగానొక్క కూతురు. ముద్ద నోటి దాకా వచ్చిందంటే పెదవులు బిగించి తల గోడవైపు తిప్పేసేది. కథలు చెప్పినా వినదు, కిటికీలోంచి ఆవుల్ని చూపించినా చూడదు. ఒకరోజు విజయశ్రీ చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని ముందేసుకుని, పక్కన అన్నం గిన్నె పెట్టుకుని, బతిమాలి బతిమాలి విసిగిపోయింది. చీరలొచ్చిన అట్టపెట్టె మూత ఒకటి చింపి, దాని మీద జిగురుతో కోడి ఆకారం గీసింది.

"బుక్క తింటే దీనికి కన్ను వెడ్త" అంది.

మైత్రి నోరు తెరిచింది. ఒక బుక్కకు కన్ను, ఒక బుక్కకు ముక్కు, ఇంకో బుక్కకు తోకలో ఎర్ర రాయి. గిన్నె ఖాళీ అయ్యేసరికి అట్ట మీద కోడి నిలబడింది. మర్నాడు మేక. ఆ తర్వాత ఆటో. ఆ తర్వాత పక్కింటి ఎల్లవ్వ, నోట్లో తంబాకుతో సహా. మేకకు గడ్డం తక్కువైందనీ, ఆటోకు ఒక చక్రం ఎక్కడికో పోయిందనీ మైత్రి తప్పులు పట్టేది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ వినే పిల్ల కాబట్టి ఆ తప్పులు మూడు భాషల్లోనూ పట్టేది.

అక్కాచెల్లెళ్లిద్దరూ సూరత్‌లోనే పుట్టారు. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి, వాళ్ల మాటలో సాంచాల పనికి, వచ్చి గోడాదరాలో స్థిరపడ్డాడు. పెద్దదానికి పెళ్లి చేశాక ఆయన, ఆయన వెనకే భార్య పోయారు. పోయే ముందు చిన్నదానికి భివండీ సంబంధం చేశారు. విజయశ్రీ అక్కడ ఏడాది కూడా ఉండలేదు. భర్త ఇంకో ఇంట్లో ఉంటున్నాడనీ, తనను తెచ్చింది వాళ్లమ్మకు వండిపెట్టడానికేననీ అర్థమయ్యాక ఒక సంచీతో తిరిగొచ్చింది. అక్క గుమ్మంలోనే సంచీ అందుకుంది. ఏమైందని అడగలేదు.

"మంచిగొచ్చినవ్. పిల్లను చూస్కో, నేను పనికి పోత" అంది.

మైత్రికి అప్పుడు ఏడాది. రాజేశ్వరి సలాబత్‌పురా దగ్గర ఒక ఎంబ్రాయిడరీ ఖార్ఖానాలో చెకింగ్ పనికి కుదిరింది. పొద్దున డబ్బా కట్టుకుని పోతే దీపాలు పెట్టాక వచ్చేది. బావ పరుశురాం సాంచాల మీద ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పిల్లకు నీళ్లు పోయడం, జడ వేయడం, బడికి పంపడం, బడి నుంచి వచ్చాక అన్నం పెట్టడం, పడుకోబెట్టడం, అన్నీ విజయశ్రీవే. రాజేశ్వరి ఇంటికి వచ్చేసరికి మైత్రి సగం నిద్రలో ఉండేది. తల్లి ఒళ్లోకి తీసుకుంటే కళ్లు మూసుకునే మెడ చుట్టూ చేతులు వేసేది.

అట్టబొమ్మలు గోడ నిండాయి. మైత్రి ఒక కోడిని బడికి పట్టుకుపోయింది. అక్కడ డ్రాయింగ్ నేర్పే భావన మేడమ్ తెలుగావిడే. బ్యాంకు ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే చదువుకుంది. ఆ అట్టను చూసి, ఇది ఎవరు చేశారని అడుగుతూ గోడాదరా దాకా వచ్చింది. ఇరుకు మెట్లెక్కి, గోడ ముందు నిలబడి బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసింది. మళ్లీ వచ్చినప్పుడు చంకలో చుట్టిన కాన్వాసు ఉంది. రంగు, గుడ్డ, దారం, కాగితం, ఏది దొరికితే అది కలిపి చేసే ఇలాంటి పనిని మిక్స్‌డ్ మీడియా అంటారనీ, దీనికోసమే చదువుకునే వాళ్లున్నారనీ చెప్పింది. విజయశ్రీకి నవ్వొచ్చింది. తాను అన్నం తినిపించడానికి చేసిన పనికి ఒక పేరు ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కానీ కాన్వాసు ముందు కూర్చున్నాక ఆమెలోంచి కోళ్లు, మేకలు రాలేదు. మొదట నాన్న వచ్చాడు. సాంచాల కింద ఊడ్చిన దూది పీచును జిగురులో తడిపి, మనిషి వీపు ఆకారంలో పొరలు పొరలుగా అతికించింది. ఆయన చివరి రోజుల్లో దగ్గేటప్పుడు ఆ వీపే కనిపించేది, ముఖం కాదు. తర్వాత భివండీ తలుపు. ముదురు రంగులో తలుపు వేసి, దాని మీద చీరల అంచులు ఒకదాని మీద ఒకటి కుట్టుకుంటూ పోయింది. తలుపు మీద గుడ్డ మందమై, ఇక అది తెరుచుకోదన్నట్టు కనిపించేదాకా కుట్టింది. కుట్టడం అయిపోయాక ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ ఇంటి గురించి ఎవరికీ చెప్పని మాట, ఎవరికీ చెప్పకుండానే బయటికి వెళ్లిపోయినట్టయింది. భావన ఆ రెండింటినీ నలుగురు చిత్రకారుల ప్రదర్శనలో పెట్టించింది. రాజేశ్వరి ఛుట్టీ దొరక్క వెళ్లలేకపోయింది గానీ, పనిచేసే చోట అందరికీ చెల్లెలి గురించి చెప్పుకుంది.

మైత్రికి ఆరో పుట్టినరోజు వచ్చింది. రాజేశ్వరి తనకున్న ఆదివారపు సెలవుల్లో మిషను ముందేసుకుని, చిలకపచ్చ చీర ముక్కతో పిల్లకు గౌను కుట్టింది. వీపున పెట్టాల్సిన తెల్ల గుండీలు ఒకటి తక్కువ పడితే నీలంది కుట్టింది. ఆమెకది లోటుగా అనిపించింది. మైత్రికి మాత్రం ఆ నీలం గుండీయే నచ్చింది. వచ్చినవాళ్లందరికీ వీపు తిప్పి చూపించింది.

ఆ వానాకాలం గల్లీలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. మైత్రికి వచ్చింది డెంగీ. మొదట మందులతో తగ్గినట్టే తగ్గి, ఒక్కసారిగా మీదపడింది. ఆస్పత్రిలో పిల్లల వార్డులో తల్లిని తప్ప ఎవరినీ ఉండనివ్వలేదు. మరీ అవసరమైతే ఇంకొకరిని కాసేపు పిలుచుకోవచ్చన్నారు. విజయశ్రీ గంజి డబ్బా ఒళ్లో పెట్టుకుని బయట మెట్ల మీద కూర్చుంది. పరుశురాం నెత్తురు కోసం ఊరంతా తిరుగుతున్నాడు. లోపలినుంచి ఎవరైనా వచ్చినప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. తనను ఎవరూ పిలవలేదు. మర్నాడు పొద్దున తలుపు తెరుచుకున్నప్పుడు అక్క గొంతు వినపడింది. ఆ గొంతు విన్నాక ఇక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

ఇంటి ముందు జనం నిండారు. ఆడవాళ్లంతా రాజేశ్వరి చుట్టూ కూర్చున్నారు. ఆమె స్పృహలో లేదు. లేచినప్పుడల్లా మళ్లీ పడిపోతోంది. మగవాళ్లు పిల్లను తీసుకుపోయారు. విజయశ్రీ వంటింట్లో గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే ఎల్లవ్వ వచ్చి భుజం పట్టుకుంది.

"ఊకో బిడ్డా. కన్నకడుపు ఆమెది. నువ్వే గిట్లైతే ఆమెనెవరు చూస్తరు? లే, వచ్చినోళ్లకు జర చాయ్ వెట్టు" అంది.

ఎల్లవ్వ మనసు చెడ్డది కాదు. లోకం తీరు అట్లాగే ఉంటుంది. విజయశ్రీ లేచి చాయ్ పెట్టింది. ఆ రోజు ఎంతమందికి పోసిందో ఆమెకు గుర్తులేదు. అందరూ అక్కను ఓదార్చి, తన చేతిలోంచి గ్లాసు తీసుకుని వెళ్లారు.

తర్వాత రాజేశ్వరి ఇల్లంతా ఏదో వెతికింది. బీరువా తీసేది, మూసేది, మంచం కింద చూసేది. ఏం కావాలని విజయశ్రీ అడిగితే చెప్పేది కాదు. కొన్నాళ్లకు ఆ వెతుకులాట ఆగిపోయింది. పనికి పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో మైత్రి పేరు ఎవరూ ఎత్తకూడదన్నట్టు ఉండేది. ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేది. గోడ మీది అట్టబొమ్మలన్నీ తనే తీసి మూటకట్టి అటక మీద పడేసింది.

అంతకుముందే, పిల్ల పోయిన వారంలోపే, పరుశురాం ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి మరదలి చేతిలో పెట్టాడు. లోపల పచ్చ గౌను ఉంది. "అక్క కంట్ల పడనియ్యకు. చూస్తె ఆమె బతుకది" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. విజయశ్రీ దాన్ని తన బట్టల అడుగున దాచింది.

పగళ్లు ఎట్లా గడపాలో ఆమెకు తెలియలేదు. బడి వదిలే వేళకు చేతులు వాటంతటవే పని ఆపేసేవి. గల్లీలోంచి పిల్లల అరుపులు పైకి వచ్చేవి. అన్నం గిన్నె ముందు పెట్టుకుని కూర్చునేది, తినేది కాదు. అక్కకు ఏడవడానికి చోటుంది, కన్నతల్లి. తాను ఎవరని ఏడవాలి? ఈ మాట ఆమె భావనతో ఒక్కసారే అంది. భావన తన ఇంట్లో ఖాళీగా ఉన్న గది తాళంచెవి ఇచ్చింది.

ఆ గదిలో ఏడాదిపాటు విజయశ్రీ ఒకే బొమ్మ చేసింది. మనిషంత ఎత్తు కాన్వాసు. వెనక గోడకు సున్నం రంగు, కింద బండల గచ్చు. నడుమ ఆ గౌనును చేతులు చాపినట్టు పరిచి జిగురుతో అతికించి, అంచుల చుట్టూ కుట్టింది. వెనకవైపు పైకి ఉండేలా పెట్టింది, మైత్రి వీపు తిప్పి చూపించినట్టు. అటక మీంచి తెచ్చిన కోళ్లు, మేకలు, ఆటోలు చుట్టూ చేర్చింది. గౌను కిందిభాగం మీదికి రంగు ఎక్కించి గచ్చులో కలిసిపోయేట్టు చేసింది. అడుగున ఎండిన అన్నం మెతుకులు చల్లి అతికించింది. ప్రతి పనీ చేస్తున్నంతసేపు పిల్ల పక్కన కూర్చుని తప్పులు పడుతున్నట్టే ఉండేది. అక్కకు చూపించాలని ఆమెకు అనిపించకపోలేదు. చూపిస్తే పేరెత్తాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే బొమ్మ పూర్తయింది.

మళ్లీ ప్రదర్శన పెట్టారు. విజయశ్రీ ఇంట్లో మామూలుగా చెప్పింది, భావన మేడమ్ వాళ్ల హాల్లో తన బొమ్మలున్నాయని. అక్క వస్తుందని అనుకోలేదు. రాజేశ్వరి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, పెట్టెలోంచి తీసిన మంచి చీర కట్టుకుని, మల్లెపూలు కూడా పెట్టుకుని, పరుశురాంను వెంటపెట్టుకుని వచ్చింది. పిల్ల పోయాక ఆమె తలలో పూలు పెట్టుకోవడం అదే మొదలు. చెల్లెలి గొప్ప రోజని పెట్టుకుంది.

విజయశ్రీ ఎదురెళ్లేలోపే ఆమె పెద్ద బొమ్మ దగ్గరికి చేరింది. దాని ముందు ఒక గుజరాతీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. రాజేశ్వరి ముందు నవ్వుముఖంతోనే చూసింది. తర్వాత దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి, గుండీలు ఒక్కొక్కటే ముట్టుకుంది. నీలం గుండీ మీద వేలు ఆగిపోయింది.

"ఈ గౌను ఏడిది?"

"బావ ఇచ్చిండక్కా."

రాజేశ్వరి భర్తవైపు తిరిగింది. పరుశురాం నేల చూపులు చూస్తున్నాడు.

"బిడ్డకు తొడిగినమన్నవ్ గద. దీంతోనే పంపినమన్నవ్."

అతను గౌనువైపు చూసి తల తిప్పుకున్నాడు.

"మరి ఏం తొడిగి పంపిండ్రు?"

"ఆస్పత్రి గుడ్డ" అన్నాడు పరుశురాం, వినపడీ వినపడనట్టు. "తెల్లది. ఆ గడియల ఎవలకు యాదికుంటది? నువ్వు దానికోసం గట్ల ఎతుకుతుంటే చూడలేక గా మాటన్న."

విజయశ్రీకి అప్పుడు తెలిసింది, అక్క ఇల్లంతా వెతికింది దేనికోసమో, ఎందుకు వెతకడం మానేసిందో. బిడ్డ తాను కుట్టిన గౌను వేసుకునే వెళ్లిందన్న ఒక్క నమ్మకం మీద ఆమె ఇన్నాళ్లూ లేచి తిరుగుతోంది. ఆ నమ్మకాన్ని తాను రంగులు పూసి నలుగురి ముందు గోడకు వేలాడదీసింది.

"అక్కా, నాకీ ముచ్చట తెల్వది" అంది.

"నన్నొక్క మాటడిగినవా?"

"అడిగితే నువ్వు పేరెత్తనియ్యవు..."

"అడిగినవా?"

విజయశ్రీ లేదన్నట్టు తలూపింది. రాజేశ్వరి గొంతు పెంచలేదు. చుట్టూ ఉన్నవాళ్లకు అది మామూలు మాటల్లాగే వినపడి ఉంటుంది.

"తినవెట్టింది నువ్వు. జడేసింది నువ్వు. బడికి తోలింది నువ్వు. దానికి నేను చేసింది గిదొక్కటే. దీన్ని గూడ నీ బొమ్మల కలుపుకున్నవ్."

అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. పరుశురాం మరదలివైపు ఒకసారి చూసి, భార్య వెనకాల నడిచాడు.

ప్రదర్శన ఇంకా కొన్ని రోజులుంది. విజయశ్రీ ఆ సాయంత్రమే బొమ్మను గోడ మీంచి దించింది. భావన వారించబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని టెంపోలో గదికి చేర్చారు.

అతికించడం తెలిసిన చేతులకు విడదీయడం తెలియదు. విజయశ్రీ వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, గౌను మీద కప్పేది. జిగురు కాస్త మెత్తబడగానే సూదితో అంచులు లేపేది. తొందరపడితే చీర ముక్క చిరుగుతుంది, ఆలస్యమైతే జిగురు మళ్లీ బిగుసుకుంటుంది. తానే వేసిన కుట్లను ఒక్కొక్కటిగా తెంపింది. పనికి పోలేదు. అన్నం వేళకు భావన ఏదైనా తెచ్చి పెడితే తినేది. ఒక చెయ్యి చంక దగ్గర చిరిగింది. అప్పుడు మాత్రం ఆమె సూది పక్కన పెట్టి, చేతుల్లో ముఖం దాచుకుని, బిడ్డ చెయ్యే విరిచినట్టు ఏడ్చింది. చివరికి గౌను ఊడి వచ్చింది. కిందిభాగం రంగుతో గట్టిపడి అట్టలా ఉంది. ఎన్ని నీళ్లలో పెట్టినా ఆ బూడిదరంగు వదల్లేదు.

ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది. రాజేశ్వరి రెండు చేతులా అందుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలినుంచి నీళ్ల చప్పుడు, బట్ట ఉతుకుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. చంకలో చిరుగు ఆమె తన చేత్తో కుట్టింది. ఆ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కామ్‌రేజ్ దగ్గర తాపీ నది ఒడ్డుకు పోయి, గౌనును నీళ్లలో వదిలి వచ్చారు. విజయశ్రీని రమ్మనలేదు. వాళ్లు ఎక్కడికి వెళ్లొచ్చారో ఎల్లవ్వ చెబితే ఆమెకు తెలిసింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పరుశురాం కామ్‌రేజ్ వైపు కొత్త ఖార్ఖానాలో పని చూసుకున్నాడు. సామాను ఆటోలో ఎక్కించేటప్పుడు రాజేశ్వరి చెల్లెలితో గ్యాసు పొయ్యి ఆమెకే వదిలేస్తున్నానంది. అంతే మాట్లాడింది.

గది మూలలో కాన్వాసు నిలబడి ఉంది. గౌను ఊడిన చోట తెల్లగా, చేతులు చాపిన ఆకారం మిగిలింది. చుట్టూ కోళ్లు, మేకలు అట్లాగే ఉన్నాయి. దీన్ని ఇట్లాగే ఉంచమంది భావన. ముందుకంటే ఇప్పుడే ఎక్కువ మాట్లాడుతోందంది, ముంబైలో చూపించవచ్చంది. ఆమె చెడుగా అనలేదు. బొమ్మ తెలిసిన మనిషిగా అంది. విజయశ్రీ తల అడ్డంగా ఊపి, అట్టబొమ్మలన్నీ ఊడబీకి, కాన్వాసు చట్రం నుంచి విప్పి మడతపెట్టేసింది. చాలాకాలం మళ్లీ జిగురు డబ్బా మూత తీసింది చీరల పనికే. భావన పిలిచినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పేది. నిజానికి ఆమెకు భయం పట్టుకుంది. ఏది ముట్టుకున్నా అది ఇంకెవరిదో అనిపించేది. నాన్న వీపు అమ్మది కాదా? భివండీ తలుపు వెనక ఆ ముసలమ్మ లేదా? ఎవరిని అడిగి చేసింది?

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క. ఖార్ఖానాలో భోజనం వేళ కాబోలు, వెనకాల మిషన్ల చప్పుడు లేదు. క్షేమసమాచారాలేవీ అడగలేదు.

"విజయా, మైత్రి బడి నుంచొచ్చి ఏంజేసేది?" అంది.

విజయశ్రీ జిగురు డబ్బా మూత పెట్టి, చీర పక్కకు జరిపింది.

"నాకు పొద్దటి మైత్రి ఎర్క, పొద్దుగూకినంక నిద్రవొయిన మైత్రి ఎర్క. నడుమల ఏంజేసేదో ఎర్కలే. నువ్వే చెప్పాలె."

విజయశ్రీ చెప్పింది. సంచీ గుమ్మంలోనే పడేసి, ఒక్క చెప్పు విప్పి, రెండోదాంతోనే లోపలికి వచ్చేదని. బుక్కకొక కన్ను అన్న బేరం గురించి. అక్క వింటూ ఊ కొట్టింది. భోజనం వేళ అయిపోగానే, రేపు చేస్తానని పెట్టేసింది.

అట్లా రోజూ చేసేది. ఎల్లవ్వ తంబాకు డబ్బాలో మైత్రి బెల్లంముక్క దాచిన సంగతి, బల్లికి పేరు పెట్టి పిలిచిన సంగతి, నిద్రపోయే ముందు విజయశ్రీ గాజులు లెక్కపెట్టి ప్రతిసారీ తప్పు చెప్పిన సంగతి. రాజేశ్వరి ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి ఊపిరి మాత్రం వినపడేది. విజయశ్రీ రాత్రి పడుకునే ముందు రేపు ఏం చెప్పాలో వెతుక్కునేది. వెతగ్గా వెతగ్గా దొరికేవి తగ్గిపోయాయి. ఆరేళ్ల పిల్ల. ఎంత బతికిందని? ఒక మధ్యాహ్నం నిజం చెప్పేసింది.

"ఇంకేం లేవక్కా. అన్నీ చెప్పిన."

"అయితే నేనొకటి చెప్త" అంది రాజేశ్వరి. "ఆస్పత్రిల, ఆఖరుకు. చెయ్యి నా చేతులనే ఉన్నది. నిన్ను పిలువమన్నది. నేను పిలువలే."

విజయశ్రీ చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది.

"వాళ్లు రానియ్యరని కాదు. నువ్వు మెట్ల మీదనే ఉన్నవని నాకెర్కే. పగళ్లన్నీ నీకే ఇచ్చిన. ఆ ఒక్కపారి నేనే ఉండాలనుకున్న. గింతే."

విజయశ్రీ ఫోన్ పెట్టేసింది. ఆ మెట్లు, ఒళ్లో చల్లారిన గంజి డబ్బా, తలుపు కదిలినప్పుడల్లా తాను లేచి నిలబడటం, అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి. పిల్ల పిలిచింది. తాను గోడకు ఇవతలే ఉంది. పిలిస్తే రాని మనిషిగా ఆ పిల్ల తనను తలుచుకుని పోయి ఉంటుంది. ఆ ఆలోచన ఆమెను పట్టుకుని వదల్లేదు. మర్నాడు అక్క చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. అక్క మీద ఇంత కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు. వారాల తరబడి రాళ్లు వంకరగా అతికాయి, పనిచ్చే సేటు చీరలు తిప్పి పంపాడు.

కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేదామె. పోలేదేమో కూడా. కానీ ఒక ఆదివారం లేచి, తల దువ్వుకుని, కామ్‌రేజ్ బస్సెక్కింది. రాజేశ్వరి ఇల్లు రోడ్డు పక్క కొత్త బిల్డింగులో మూడో అంతస్తు. తలుపు తీసింది ఆమే. మనిషి సగమైపోయింది. జుట్టు ముందుభాగం తెల్లబడింది. చెల్లెల్ని చూసి పక్కకు జరిగింది, లోపలికి రమ్మని నోటితో అనలేదు.

ఇద్దరూ వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చున్నారు. పరుశురాం పనిమీదున్నాడు. రాజేశ్వరి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తిడుతుందనో, ఏడుస్తుందనో ఎదురుచూస్తున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విజయశ్రీ గ్లాసు కింద పెట్టింది.

"ఎట్ల అడిగింది?"

"ఏంది?"

"నన్ను పిలువమన్నది గద. ఎట్ల అన్నదో అట్లనే చెప్పు. నా దగ్గర లేని మైత్రి గదొక్కటే."

రాజేశ్వరి ముఖం ముడుచుకుపోయింది. గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, జ్వరంలో ఉన్న పిల్లలాగే, నాలుక మందమైన గొంతుతో మెల్లగా అంది.

"మమ్మీ, చిన్నమ్మ కో బులావో న. జల్ది రమ్మను."

విజయశ్రీ ముందుకు వంగి వింది. అక్క చెంపలమీంచి కారుతున్నదాన్ని ఇద్దరిలో ఎవరూ తుడవలేదు. కింద రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, విజయశ్రీ అక్క మోకాలి మీద చెయ్యి వేసింది.

"లారీ చప్పుడుల సగం వినరాలే. మల్లొక్కపారి అనక్కా" అంది.

రాజేశ్వరి మళ్లీ అంది.